పందెమునకు నియమమేల?

మావంటి బడిపంతుళ్లకు మోటారు పందెములతో నేమి పని యని చదువరులు ప్రశ్నింపవచ్చును. ఇరువది యేండ్లకు పైగా విభక్తులును సమాసములును, ఆంగ్లమున క్రియారూపములును బోధించుచు కరీంనగరమున నొక చిన్న యింట కాపురముండు మాకు సొంతకారు లేదు. ఉన్నది ఒక పాత మోటారు సైకిలు. దానిని గంటకు నలువది కిలోమీటర్లకు మించి నడపుట మేము మానివైచి చాలకాలమైనది. అట్టి మేము ఈ విషయమును గూర్చి వ్రాయబూనుటకు మొదటి కారణము మా మేనల్లుడు. రెండవ కారణము మాకే సిగ్గు కలిగించునది. దానిని కూడ ఈ వ్యాసమున దాచబోము.

మా అక్క మంచిర్యాలలో నుండును. 2016లో జిల్లాలను పునర్విభజింపక పూర్వము ఆ పట్టణము ఆదిలాబాదు జిల్లాలోనిదే. బావగారు బొగ్గుగనులలో పనిచేసి విరమించినవారు. గత సంవత్సరము ఒకనాటి రాత్రి అక్క ఫోను చేసి, "తమ్మీ, పిలగాడు చేతికి రాకుంట పోతున్నడు. కారు రేసులంటున్నడు. నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్పిపో. నీ మాటైతే వింటడు" అని కంటతడి పెట్టినది. పిల్లవాని కిరువదిరెండేండ్లు. ఆటోమొబైలు డిప్లొమా చదివి, ఒక కార్ల మరమ్మతు దుకాణమున పనిచేయుచున్నాడు. మూడేండ్లు కూడబెట్టిన జీతముతో ఇంటివారికి చెప్పకయే ఒక పాత చిన్నకారును కొనినాడట.

పందెమను మాట వినగానే మా గుండె ఝల్లుమన్నది. అందులకు కారణము కలదు. అంతకు రెండేండ్ల క్రిందట, మా పాఠశాలలో పదవ తరగతి ముగించి కళాశాలకు పోయిన బాలుడొకడు అర్ధరాత్రమున రాజీవ్ రహదారిపై స్నేహితులతో పందెము వేసికొని, ఆగియున్న లారీని వెనుకనుండి ఢీకొని మరణించెను. వాని తండ్రి కూలిపనివాడు. ఎక్కిన బండి స్నేహితునిది. సంతాపసభలో ఉపన్యసించినది మేమే. వేగమే మృత్యువని, యౌవనము దానికి వాహనమని ఏవేవో పలికితిమి. సభవారు తలలూచిరి. ఆ సభలో కూర్చున్న కుఱ్ఱవారిలోనే కొందఱు ఆ రాత్రి అదే దారిని బండ్లు పరుగెత్తించిరని తరువాత తెలిసినది. మా యుపన్యాసపు విలువ యంత!

మఱునాడే మంచిర్యాలకు పోయితిమి. పెరటిలో ఆ కారు నిలిచియున్నది. లోపలి ఆసనములన్నియు ఊడదీసి, డ్రైవరు సీటొక్కటి యుంచినాడు. పిల్లవాడు మమ్ము జూచి చేతులు తుడుచుకొని వచ్చి నమస్కరించెను. మేము దారిపొడుగున కూర్చుకొన్న హితోపదేశ మారంభించి, చనిపోయిన బాలుని సంగతి యెత్తితిమి. వాడు తలవంచి వినెను. అంతయు ముగిసిన పిమ్మట మెల్లగా ననెను: "మామా, గా పిలగాడు రేసుల సావలే. రోడ్డు మీద సచ్చిండు. రేసైతే ముందుగాల హెల్మెటు సూస్తరు, బండి సూస్తరు, డాక్టరును పక్కన పెడ్తరు. గప్పుడే జెండా ఊపుతరు. నువ్వు ఇంగ్లీషు సారువు గద, ఇగో రూల్సు. మొత్తం సదువు. దీంట్ల తప్పున్నదంటే చెప్పు, కారు అమ్మేస్త."

ఇట్లని ఒక కాగితముల కట్టను మా చేతిలో పెట్టెను. పందెమునకు శాస్త్రమా యని మనసులో నవ్వుకొనుచు దానిని తీసికొని కరీంనగరము చేరితిమి. మూడు రాత్రులు చదివితిమి. మూడవ రాత్రికి మా నవ్వు పోయినది.

మన దేశమున మోటారు క్రీడల కన్నింటికిని భారత మోటారు క్రీడా సంఘముల సమాఖ్య పెద్ద. దానిని ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. యందురు. అది 1904లో పారిస్ నగరమున నేర్పడిన అంతర్జాతీయ ఆటోమొబైలు సమాఖ్యకు అనుబంధముగా నున్నది. నియమములలో మమ్ము మొట్టమొదట నాకర్షించినది ఒక వాక్యము. విపణిలో అమ్మబడిన కారునే వాడవలసిన తరగతులలో, స్పష్టముగా అనుమతింపబడని మార్పులన్నియు నిషిద్ధములే యని దాని భావము. సామాన్యముగా లోకములో నిషేధింపనిది చేయవచ్చునందుము. ఇచ్చట అనుమతింపనిది చేయరాదు. వ్యాకరణము చదివిన వారికి ఇది పరిచితమైన దారియే. ఉత్సర్గమనగా సామాన్యసూత్రము, అపవాదమనగా దానిని బాధించు విశేషసూత్రము. ఈ గ్రంథమున నిషేధమే ఉత్సర్గము, అనుజ్ఞయే అపవాదము. సూత్రకారునికి మనుష్యుని తెలివితేటలపై నెంత అనుమానమో గదా యనుకొంటిమి. తరువాత, అది అనుమానము కాదు, అనుభవమని తెలిసినది.

ఇక తరగతుల సంగతి. కార్లన్నింటిని ఒక గీతపై నిలిపి పరుగెత్తుమనిన, ధనికుని కారే గెలుచును. అప్పుడది నేర్పరితనమునకు కాక ధనసంచికి పరీక్ష యగును. కావున మొదట యంత్రపు పరిమాణమును బట్టి విభజింతురు. మన జాతీయ పోటీలలో 1400, 1600 ఘన సెంటీమీటర్లను హద్దులు తఱచు కనబడును. పిదప, కారునెంతవఱకు మార్చవచ్చునో దానిని బట్టి మఱల విభజింతురు. కొన్న కారు కొన్నట్లే యుండవలసినది ఒక తరగతి, కొన్ని భాగములు మార్చుకొనదగినది ఇంకొకటి, పందెము కొఱకే నిర్మించినది వేఱొకటి. ప్రతి తరగతికి కనీసపు బరువొకటి కలదు. అంతకు తేలికగా నున్న కారు పనికిరాదు. పెక్కు పోటీలలో అందఱును ఒకే జాతి టైర్లు వాడవలయును. అన్నింటికంటె మాకు నచ్చినది టర్బో యంత్రము యొక్క లెక్క. ఆ యంత్రము గాలిని బలవంతముగా లోనికి త్రోసికొని తన పరిమాణమునకు మించిన శక్తి నిచ్చును. అందుచేత అంతర్జాతీయ నియమములలో పెట్రోలు టర్బో యంత్రపు పరిమాణమును 1.7 చేత గుణించి లెక్కగట్టుదురు. 1000 ఘన సెంటీమీటర్ల టర్బో యంత్రము 1700 వానితో సమానమన్న మాట. చిన్నవాని వేషము వేసికొని వచ్చిన పెద్దవానిని ఇట్లు పట్టుకొందురు.

ఇది పాశ్చాత్యుల నుండి దిగుమతియైన బుద్ధి యని యెవరైన ననుకొనిన పొరపాటు. గుంటూరు, ప్రకాశము, నల్లగొండ, ఖమ్మము ప్రాంతములలో ఒంగోలు జాతి యెడ్ల బండలాగుడు పోటీలు చూచినవారికి ఇది తెలియును. పాలపళ్ల విభాగము, రెండు పళ్ల విభాగము, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని అచ్చట నెడ్లను నోరు తెఱచి పళ్లు చూచి విభజింతురు. పళ్లను బట్టి వయస్సు, వయస్సును బట్టి లాగవలసిన బండ బరువు. పాలపళ్ల కోడెను సీనియరు విభాగపు ఎద్దుతో కట్టినచో ఊరివారే ఒప్పుకొనరు. అక్షరము రాని రైతునకు కూడ సమానులతోనే పోటీ న్యాయమని తోచినది. మనుష్యుల విషయమున మాత్రము మనమింకను ఆ న్యాయమును సందేహించుచున్నాము. గ్రంథాలయము, విద్యుద్దీపము, చదువుకొన్న తల్లిదండ్రులు గల బాలుని, గుడిసెనుండి వచ్చిన బాలుని ఒకే గీతపై నిలిపి, గెలిచినవాడే ప్రతిభావంతుడని చప్పట్లు కొట్టుచున్నాము. వెనుకబడినవానికి ఇసుమంత వెసులుబాటు చూపిన, అన్యాయమని గోలపెట్టుచున్నాము. కారుకున్న పాటి విచారణ మన పిల్లలకు లేకపోవుట విచిత్రము కాదా?

మఱియొక విశేషము. ఈ నియమములలో యంత్రమునకు తరగతులున్నవి గాని, సామాన్యముగా స్త్రీపురుష భేదము లేదు. స్త్రీ నడిపినను పురుషుడు నడిపినను గడియారమొక్కటే. ఈ మాట మేము ఫోనులో అక్కకు చెప్పుచుండగా, వెనుకనుండి మా మేనకోడలు "మామా, గట్లయితే నేను గూడ నేర్చుకోవచ్చునా?" అని యడిగినది. అక్క ఆ పిల్లను కసరి ఫోను పెట్టివైచినది. ఆ ప్రశ్న మాత్రము మా చెవిలో మిగిలిపోయినది.

ఇప్పుడు మా రెండవ కారణము చెప్పవలసి యున్నది. 2003లో మేము ఉద్యోగమున క్రొత్తగా చేరి, నేరడిగొండకు ఆవలనున్న ఒక గోండు గూడెపు బడిలో పనిచేయుచుంటిమి. ఒక శనివారము సాయంత్రము మేమును, మఱియొక ఉపాధ్యాయుడును చెరియొక మోటారు సైకిలుపై నిర్మలునకు బయలుదేరితిమి. మహబూబు ఘాటు మొదలుకాగానే, ముందు దిగినవానికి రెండవవాడు మిర్చిబజ్జీలు తినిపించవలెనని పందెము. మూడవ మలుపున ఎదురుగా ఎడ్లబండి వచ్చినది. మేము బ్రేకు వేసి జారిపడితిమి. మా బండి పోయి ఒక యెద్దు ముంగాలికి తగిలి, అది విరిగినది. మాకు మోచేయి దోగిన దంతియే. బండివాడు గోండు రైతు. అతడు మమ్ము గుఱుతుపట్టి, "సారూ, దెబ్బ తగిలిందా?" అని మమ్మునే యడిగెను. మేమతని చేత నైదువందల రూపాయలు పెట్టి, ఎవరికిని చెప్పవద్దని మనవి చేసి, సాగిపోయితిమి. దుక్కి దున్ను కాలమున ఒక యెద్దు పోయినచో ఆ కుటుంబమునకేమగునో తెలియనంత పసివారము కాము. సారువని యతడు మమ్మేమియు ననలేదు. అతడనలేదని మేము మఱచితిమి. మృత్యువును గూర్చి, వేగమును గూర్చి సంతాపసభలో మేము చేసిన యుపన్యాసమున ఈ కథ లేదు.

నియమగ్రంథము చదువుచుండగా, తన తప్పుచే ఇతరుని ఢీకొన్నవానికి శిక్ష యను భాగమున ఈ సంగతి జ్ఞప్తికి వచ్చినది. అప్పుడు మేనల్లునికి ఫోను చేసి, "తప్పేమియు కనబడలేదు. ఒక్కమారు నీతో వచ్చి కన్నులార చూచిన పిమ్మట మీ అమ్మతో మాటాడుదును" అని చెప్పితిమి.

చెన్నపట్టణమునకు సుమారు నలువది కిలోమీటర్ల దూరమున, శ్రీపెరుంబుదూరు సమీపమునగల ఇరుంగాట్టుకోటలో పందెపు బాట యున్నది. 1953లో స్థాపితమైన మద్రాసు మోటారు క్రీడా సంఘము పూర్వము షోళవరమున, యుద్ధకాలపు పాత విమానపు బాటపై పందెములు నడపెడిది. తరువాత సొంత భూమిలో ఈ బాటను నిర్మించుకొని 1990లో ప్రారంభించినది. దాని పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు. దక్షిణదేశమున ఈ క్రీడకు మఱియొక పుట్టినిల్లు కోయంబత్తూరు. తెలుగు మాటాడు కుటుంబములు తరతరములుగా స్థిరపడి మిల్లులును యంత్రశాలలును నెలకొల్పిన పట్టణమది. బస్సులు నడపి, యంత్రములు కనిపెట్టి ప్రసిద్ధుడైన జి.డి. నాయుడు అచ్చటివాడే. ఆ పట్టణపు పారిశ్రామిక కుటుంబమున 1954లో జన్మించిన కరివర్ధన్, సామాన్యులకు అందుబాటులో నుండునట్లు మారుతి 800 కారు యంత్రమునే వాడి ఫార్ములా మారుతి యను పందెపు కారును రూపొందించెను. 1995లో ఒక చిన్న విమాన ప్రమాదమున ఆయన మరణించెను. కోయంబత్తూరులో 2003లో తెఱచిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టిరి. 2005లో ఫార్ములా వన్ పోటీలలో పాల్గొని, ఆ శ్రేణికెక్కిన మొదటి భారతీయుడైన నారాయణ్ కార్తికేయన్ కూడ ఫార్ములా మారుతిలోనే తొలి పాఠములు నేర్చినవాడు. ఒక యుపకారబుద్ధి గలవాడు చౌకగా నొక సాధనము చేసియిచ్చినచో ఒక తరమే లేచును.

మేము బాటకు పోయిన దినమున ఉదయమంతయు పందెము లేదు, పరీక్షలే. పరీక్షాధికారులు ఒక్కొక్క కారును తడవి చూచిరి. కారు బోర్లపడినను మనిషి నలగకుండ లోపల నుక్కు గొట్టముల పంజరము, భుజములను నడుమును బిగించు పట్టాలు, మంటలార్పు సాధనము, వెలుపలివారు కూడ విద్యుత్తును త్రెంచుటకు వీలైన మీట, నిప్పంటని దుస్తులు, ప్రమాణముద్ర గల హెల్మెటు. వీనిలో ఒక్కటి లోపించినను కారు వెనుకకే. బాట చుట్టును జెండాలు పట్టుకొన్న స్వచ్ఛందసేవకులు. పసుపు జెండా చూపిన ముందు అపాయమున్నదని వేగము తగ్గింపవలయును, ఎవరిని దాటరాదు. ఎఱ్ఱజెండా పందెమునే నిలుపును. వైద్యుడును ఆంబులెన్సును సిద్ధము కానిదే ఏ పందెమును మొదలు కాదు. చనిపోయిన మా శిష్యుడు రహదారిపై గంటసేపు పడియుండెనని విన్నమాట అప్పుడు మా మనస్సున మెదలినది.

మధ్యాహ్నము ఒక చిన్నకార్ల పందెమున మొదట వచ్చినవాని కారును తూకమునకెక్కించిరి. కనీసపు బరువునకు మూడు కిలోలు తక్కువ వచ్చినది. మఱల తూచిరి, అంతియే. విజయము రద్దయినది. ఆ యువకుడు కలవాని బిడ్డయని ప్రక్కవారు చెప్పుకొనుచుండిరి. ఎవ్వరును ఫోను చేయలేదు. ఎవ్వరును నీవెవరో తెలియునా యని గద్దింపలేదు. అతడు ముఖము వాడి, పత్రముపై సంతకము చేసి పోయెను. పరీక్షామందిరములలో చీటీలు దొరకిన వెంటనే వచ్చు సిఫారసులెఱిగిన మాకు ఆ దృశ్యము తీర్థయాత్రాఫల మిచ్చినది.

ఇట్టి క్రీడలో నడుగిడ గోరువారి కొఱకు మేము తెలిసికొన్న మార్గమును క్లుప్తముగా చెప్పెదము. మొట్టమొదట కారు కొనరాదు. మా మేనల్లుడు చేసిన మొదటి తప్పదియే. ముందు నియమములు చదివి, తరగతి నిశ్చయించుకొని, అప్పుడు ఆ తరగతికి తగిన కారును వెదకవలయును. తన చేతులతో సీట్లు ఊడదీసిన కారు ఏ తరగతిలోను ఇమడదని మంచిర్యాల పెరటిలోని వానికి ఆలస్యముగా తెలిసినది. గుర్తింపుగల సంఘము ద్వారా శిక్షణ పొంది, వైద్యపరీక్ష చేయించుకొని, సమాఖ్య లైసెన్సు సంపాదింపవలయును. చిన్న గో-కార్టులపై నేర్చుకొనుట చౌక, క్షేమము. కాలమును వేగమును ముందే నిర్ణయించిన ర్యాలీలు కలవు. వానిలో ఆలస్యముగా వచ్చినవానికి వలెనే ముందుగా వచ్చినవానికిని మార్కులు తగ్గుదురు. తొందరపాటునకు శిక్ష విధించు పందెము లోకమున నుండునని మేము కలలోనైన ననుకొనలేదు. ఒక్కొక్క కారే గడియారముతో పోటీపడు పరుగులు ఆ పై మెట్టు. అందఱికిని ఒకే విధమైన కార్లు అద్దెకిచ్చు పోటీలు మఱియొక సదుపాయము. ఖర్చు లెక్కించునపుడు కారు వెలతో ఆగరాదు. టైర్లు, రవాణా, ప్రవేశరుసుము, విఱిగిన భాగములు, ఇవియే నిజమైన వెల. అప్పు చేసి ఈ ఆటకు దిగుట మేము ఒప్పుకొనము.

బాట వెలుపల పందెమును చట్టము కూడ ఒప్పుకొనదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున, 2019 సవరణకు పిమ్మట, అనుమతి లేక బహిరంగస్థలమున పందెము వేసినవానికి మొదటి తప్పునకు మూడు నెలల వఱకు చెర గాని, 5,000 రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మైనరు బాలుడు బండి నడిపి నేరము చేసినచో తండ్రికో, బండి యజమానికో మూడేండ్ల వఱకు చెరయు, 25,000 రూపాయల జరిమానాయు కలవు. బండి తాళములను మురిపెముగా చేతికిచ్చు తండ్రులు దీనిని గ్రహింతురు గాక.

అయితే శిక్ష యొక్కటే చాలునా? 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరము చెంత విద్యుత్కార్ల ప్రపంచపోటీ జరిగినది. మా బాలురు టెలివిజనులో దానిని జూచి ఉప్పొంగిరి. 2024లో జరుగవలసినది రద్దయినది. అంతటి వైభవము మా మండలమునకు అక్కఱలేదు. పెద్దపల్లి దాపున బసంతనగరమున, పూర్వము చిన్న విమానములు దిగిన బాట యొకటి యున్నది. షోళవరమువలె అట్టి ఖాళీనేలపై నెలకొక్క ఆదివారము, సంఘము వారి పర్యవేక్షణమున, ఒక్కొక్క బండి గడియారముతో పరుగిడునట్లు ప్రభుత్వము అనుమతించినచో, రాజీవ్ రహదారి రాత్రులు కొంత చల్లబడవా? యౌవనమునకు వేగమనిన ప్రీతి సహజము. దానిని తిట్టుట సులభము, దానికి చోటు చూపుట కష్టము. ఇంతకాలము మేము సులభమైనదే చేసితిమి.

చెన్నపట్టణము నుండి వచ్చిన పిమ్మట మేనల్లుని వెంట నేరడిగొండ దారిని ఆ గూడెమునకు పోయితిమి. ఆ రైతు మరణించి ఆరేండ్లయినదట. కుమారునికి జరిగినది చెప్పి, ఎద్దు వెల చేతిలో పెట్టితిమి. అతడు కొంతసేపు దాని వంక జూచి, "గా ఏడు మాకు పంటే లేదు సారూ. ఎందుకో నాయిన చెప్పలే" అని మాత్రమనెను. సొమ్ము తీసికొనెను. తప్పు మాత్రము మాతోనే తిరిగివచ్చినది.

మేనల్లుడు ఆ కారును అమ్మివైచెను. శిక్షణకు సొమ్ము కూడబెట్టుచు, ఈ యేడు చెన్నపట్టణపు పోటీలకు స్వచ్ఛందసేవకుడుగా పోయి, రెండు దినములు ఎండలో ఒక మలుపున పసుపు జెండా పట్టుకొని నిలిచెను. వాడు తిరిగివచ్చిన రాత్రి అక్క ఫోను చేసి, "గెలిచిండా తమ్మీ?" అని యడిగినది. "వాడు పందెమున పాల్గొనలేదక్కా. ఒక కారు తిరగబడగా జెండా ఊపి, వెనుక వచ్చు వారినందఱిని నిదానింపజేసినాడు. ఎవ్వరికిని గాయము కాలేదు" అంటిమి. అక్క కొంచెము సేపు మాటాడలేదు. పిదప, "మల్లెప్పుడు పోతడట? చెల్లె గూడ వస్తనంటున్నది, తోలుకపొమ్మను" అనినది.